ఇచ్చి పుచ్చుకొను చదువు: గోదావరి మన్యము, పరిశోధన జాలములు

రెండవ ప్రపంచయుద్ధము సాగుచున్న దినములలో, ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ గోదావరికి ఇరుగడల వ్యాపించిన కొండలలోనికి వచ్చి, కొండరెడ్ల పల్లెలలో బస చేసి, వారి పోడు సేద్యమును, పండుగలను, పెండ్లి ఆచారములను పూనికతో వ్రాసికొని, 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అను గ్రంథమును వెలువరించెను. ఆయన జీవితకాలమున తీసిన ఛాయాచిత్రములు నేడు లండను నగరమందలి సోయాస్ విద్యాసంస్థలో భద్రముగా ఉన్నవి. అటుపిమ్మట 1969లో స్టీఫెన్ టైలర్ అను అమెరికా పండితుడు రచించిన కోయభాషా వ్యాకరణమును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము ప్రచురించెను. భాష చర్ల, దుమ్ముగూడెము ప్రాంతముల ప్రజలది; వ్యాకరణము మాత్రము సముద్రముల కావల అచ్చైనది. ఆ పల్లెల ఆశ్రమ పాఠశాలలలో చదువుకొను బాలబాలికలలో ఎందరు ఆ చిత్రములను చూచిరి? తమ పలుకునకు ఒక వ్యాకరణ గ్రంథమున్నదని ఎందరికి తెలియును?

ఖమ్మము భద్రాచలముల అటవీ సీమ విద్యాలోకమునకు ఏనాడును ఏమియు ఈయక ఊరకుండలేదు. ఇచటి భాషను, ఓషధులను, నేలలోని బొగ్గును, నదిలోని నీటిమట్టమును విద్వాంసులు కొలిచి, తరచి, గ్రంథస్థము చేసిరి. ఆ కొలతల వలన పుట్టిన విద్య మాత్రము కొలతలిచ్చిన చోటికి తిరిగి వచ్చుట అరుదు. వచ్చినదెల్ల పైనుండి చెప్పబడిన పాఠము. ఈ లోటును తీర్చుటకు అక్కరకు వచ్చు సాధనమొకటి మన దేశమున పదునైదేండ్లకు పైబడి ఉన్నది. పరిశోధన జాలమని దానికి పేరు.

మన యిండ్లకు వచ్చు ఇంటర్నెట్టునకును దీనికిని గల భేదమును మొదట గ్రహింపవలెను. ఇంటి కనెక్షను వేలమంది కలిసి వాడుకొనునది. సాయంకాలమగుసరికి రద్దీ పెరిగి బొమ్మ నిలిచిపోవుట అందరికిని అనుభవమే. అంతకంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. అట్టి కనెక్షనులలో పెక్కింట మనకు వచ్చు సమాచారమునకు విశాలమైన దారియు, మననుండి పోవు సమాచారమునకు ఇరుకైన దారియు ఏర్పరుతురు. ఏలయన, ఇంటనున్నవాడు చూచువాడే కాని చూపువాడు కాడని కనెక్షను నిచ్చువారి యూహ. పరిశోధన జాలమట్లు కాదు. విశ్వవిద్యాలయములు, ప్రయోగశాలలు, వేధశాలలు, వైద్య కళాశాలలు తమలో తాము సంభాషించుకొనుట కొరకే ఏర్పడిన ఈ మార్గమున రాకకును పోకకును సమానమైన వెడల్పు ఉండును. ఇందు చేరిన ప్రతి సంస్థయు గ్రహీతయే, దాతయే.

ఈ యత్నము మన దేశమునకు కొత్తది కాదు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము తోడ్పాటుతో, ఐదు ఐఐటీలను, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థను, మరి రెండు సంస్థలను కలుపుచు ‘ఎర్నెట్’ అను జాలమునకు శ్రీకారము చుట్టెను. అమెరికాలోని విశ్వవిద్యాలయములు 1996లో ‘ఇంటర్నెట్ 2’ను నెలకొల్పుకొనెను, ఐరోపా దేశములు తమ జాతీయ జాలములనన్నింటిని ‘జియాంట్’ అను దానితో ముడివేసికొనెను. మన కేంద్ర ప్రభుత్వము 2010 మార్చిలో 5,990 కోట్ల రూపాయల అంచనాతో ‘నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్’ నిర్మాణమునకు అనుమతి నిచ్చి, ఆ భారమును నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరుకు అప్పగించెను. సెకనుకు పది గిగాబిట్ల వేగము గల ప్రధాన మార్గములపై ఉన్నత విద్యాసంస్థలును పరిశోధనశాలలును ఇందు చేరినవి. జిల్లా కేంద్రములందలి ఆ సెంటరు కార్యాలయములు సైతము దీనితో కలుపబడినవి. జెనీవాలోని సెర్న్ ప్రయోగశాలయందు కణముల తాకిడి వలన పుట్టు అపారమైన దత్తాంశము కలకత్తా, బొంబాయి శాస్త్రజ్ఞుల బల్లల మీదికి వచ్చుట ఇట్టి జాలముల వలననే.

ఈ వేగమునకు మూలము గాజుతీగలో ప్రయాణించు వెలుగు. తీగ మొత్తము తలవెండ్రుకను పోలిన మందముది. దూర మార్గములకు వాడు తీగలో వెలుగు నడచు నడిమి భాగము సుమారు తొమ్మిది మైక్రాన్లే. శుద్ధి చేసిన గాజులో వెలుగును బహుదూరము పంపవచ్చునని చార్లెస్ కావ్ 1966లో నిరూపించెను. ఆ కృషికి 2009లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, హైదరాబాదునుండి మూడువందల పైచిలుకు కిలోమీటర్ల దూరముననున్న భద్రాచలమునకు చేరుటకు సెకనులో వెయ్యవ వంతులు ఒకటి రెండు చాలును. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన ఉపగ్రహము ద్వారా అయినచో, ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు అర సెకను పట్టును. అర సెకను అల్పమని తోచును గాని, సంభాషణమున అది ఒకరి మాటకు మరొకరు అడ్డు వచ్చునంతటి వ్యవధి. వీణకును మృదంగమునకును తాళము తప్పునంతటి వ్యవధి. ఇటలీలోని ట్రియెస్టె సంగీత కళాశాలవారు ఆ దేశపు పరిశోధన జాల నిర్వాహకులతో కలిసి ఒక సాధనమును నిర్మించి, 2010లో ట్రియెస్టెలో ఒకరు, పారిస్‌లో ఒకరు కూర్చుండి ఒకే కచేరి చేయగలరని నిరూపించిరి. దూరము ఉన్నదన్న స్పృహయే గురుశిష్యుల నడుమ తొలగిపోవు స్థితి అది.

దూరవిద్యకై మన ప్రభుత్వములు చేసిన పూర్వయత్నములను తక్కువ చేయుట నా యభిమతము కాదు. 1975 ఆగస్టునుండి 1976 జులై వరకు ‘సైట్’ అను పేర జరిగిన ఉపగ్రహ ప్రయోగమున, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రములలో దాదాపు 2,400 గ్రామములు టెలివిజను పాఠములను చూచినవి. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ఎగసిన ఎడ్యుశాట్ విద్యకొరకే నిర్మింపబడిన ఉపగ్రహము. ‘మన టీవీ’ అను విద్యా ప్రసార వ్యవస్థ తెలంగాణమున 2017నుండి ‘టీ-శాట్’గా రూపొంది పల్లె విద్యార్థులకు ఎంతయో మేలు చేయుచున్నది. ప్రశ్నించుటకు వీలు గల కేంద్రములును ఈ ఏర్పాటులలో లేకపోలేదు. అయినను, వీనియన్నింటి స్వభావము ఒక్కటియే: ఒకరు చెప్పుట, వేలమంది వినుట. మన్యపు బిడ్డ ఐదు దశాబ్దములుగా శ్రోత స్థానమునందే కూర్చుండినాడు. పరిశోధన జాలము విద్యకు ఒసగగలిగిన అసలైన వరము ఆ స్థానమును మార్చుట.

ఈ మాట గాలిమాట కాకుండుటకై గోదావరినే ఉదాహరణముగా గైకొందము. భద్రాచలమున వరద కాలమున పసివారి నోట సైతము మూడు అంకెలు వినబడును: 43 అడుగులు మొదటి ప్రమాద హెచ్చరిక, 48 రెండవది, 53 మూడవది. 1986 ఆగస్టులో నీరు 75.6 అడుగులకు చేరినది. 2022 జులైలో 71.3 అడుగులకు వచ్చి, ఊరిని మరల వణికించినది. ఈ అంకెలను పాఠముగా మార్చుటకు పరిశోధన జాలము ఎట్లు తోడ్పడునో చూడుడు. ఇంద్రావతి కలిసిన పిమ్మట నది పేరూరును దాటును. ఆ తరువాత దుమ్ముగూడెము, భద్రాచలము, శబరి వచ్చి చేరు కూనవరము. ఈ నాలుగు చోట్ల నాలుగు పాఠశాలల విద్యార్థులు గంటగంటకు నీటిమట్టమును నమోదు చేసి, ఒకే తెరపై ఒకే గీతపటమున గుర్తించుకొన్నచో, పేరూరున లేచిన వరద శిఖరము భద్రాచలమునకు ఎన్ని గంటలకు వచ్చునో వారే లెక్కగట్టుదురు. శబరి పోటెత్తినపుడు ఎగువనున్న భద్రాచలమున నీరు ఏల త్వరగా తీయదో వారే కనుగొందురు. వాలు, వేగము, సగటు అను గణితపు మాటలు అపుడు పుస్తకమునుండి లేచి వచ్చి వారి యింటి గడపను తాకును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము తీయు ఉపగ్రహ చిత్రములను వారి గీతపటము ప్రక్కన నిలిపి, వరంగల్లు ఎన్‌ఐటీలోని జలవనరుల ఆచార్యుడు వారితో తర్కించునపుడు, ఆ ఆచార్యునకు తెలియని సంగతి ఒకటైనను ఆ పిల్లలకు తెలిసియుండును: ఏ వాగు ముందుగా ఎగదన్నునో, ఏ దారి మొదట మునుగునో. 2014 తరువాత కూనవరము ఆంధ్రప్రదేశ్‌నకు పోయినది, భద్రాచలము పట్టణము తెలంగాణమున నిలిచినది. పాలనకు హద్దు ఉన్నది గాని, వరదకును విద్యకును ఆ హద్దు లేదు.

ఇట్టిదే ప్రయోగశాల విషయము. సూక్ష్మదర్శిని ఒక్కటి యుండి, దానిని పగులుననే భయమున బీరువాలో దాచిన పాఠశాలలు మన యెరుకలోనివే. కేంద్ర విద్యాశాఖ చేపట్టిన ‘వర్చువల్ ల్యాబ్స్’ పథకమున హైదరాబాదు ట్రిపుల్ ఐటీ మొదలగు సంస్థలు ప్రయోగములను తెరపై చేయుటకు వీలుగా రూపొందించినవి. వానిలో కొన్నిట దూరముననున్న నిజమైన పరికరమునే విద్యార్థి తన చోటినుండి నడిపించును. ఉపాధ్యాయుల శిక్షణకును దారి ఏర్పడినది: ఐఐటీ బొంబాయి నిర్వహించిన ‘పదివేల ఉపాధ్యాయుల శిక్షణ’ పథకమున, దేశమంతట ఇంజినీరింగు కళాశాలలలో కేంద్రములేర్పరచి, ముందుగా ఆ కేంద్రముల సమన్వయకర్తలకు తర్ఫీదునిచ్చి, పిదప అధ్యాపకులను ఒకే సమయమున ఒకే తరగతిలో కూర్చుండబెట్టిరి. పాఠము బొంబాయినుండి వచ్చినది; చర్చయు అభ్యాసమును స్థానికముగా జరిగినవి. ఉపాధ్యాయుని తప్పించి తెరను నిలుపుట కాక, ఉపాధ్యాయునకు తెరను ఆసరాగా నిచ్చుట అందలి విశేషము.

ఇంత శక్తి గల సాధనము అడవి అంచుకు ఏల చేరలేదని అడుగుట న్యాయము. 2009 ఫిబ్రవరిలో తిరుపతిలో ఆరంభమైన, సమాచార ప్రసార సాంకేతికతల ద్వారా విద్య నందించు జాతీయ మిషను క్రింద విశ్వవిద్యాలయములకు సెకనుకు ఒక గిగాబిట్ మార్గమును, కళాశాలలకు 512 కిలోబిట్ల కనెక్షనులను ఇచ్చిరి. అనగా ఒక్కొక్క కనెక్షనును పోల్చి చూచినచో రెండువేల రెట్ల అంతరము. పాఠశాలలు ఆ లెక్కలోనికే రాలేదు. అనంతరము ‘భారత్‌నెట్’ గ్రామ పంచాయతీలకు గాజుతీగను చేర్చ బూనెను. తెలంగాణమున ‘టీ-ఫైబర్’ మిషన్ భగీరథ మంచినీటి గొట్టములతోపాటు తీగకును బాట వేసెను. కాని అడవిలో తీగ పాతుటకు అటవీ అనుమతులు కావలెను. రోడ్డు వెడల్పు పనులలో జేసీబీ పండ్లకు చిక్కి తెగిన తీగను అతుకుటకు మనుష్యులు కావలెను. గాలివానకు చెట్టు కూలి కరెంటు పోయిన రాత్రి యంత్రము ఆగకుండుటకు బ్యాటరీలు కావలెను. తీగ వేయుటకు నిధులు దొరకినంత సులభముగా దానిని కాపాడుటకు దొరకవు.

భాష అంతకంటె పెద్ద మెట్టు. కోయ పలుకు తప్ప ఎరుగని బిడ్డకు తెలుగు పాఠమే పరభాషా పాఠము. 1943లో ఆదిలాబాదు మార్లవాయిలో హైమెండార్ఫ్ గోండు ఉపాధ్యాయుల శిక్షణకై కేంద్రము నెలకొల్పి, గోండీలోనే వాచకములు వ్రాయించెను. 2004 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయ మొదలగు ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధన మొదలుపెట్టెను. ఈ రెండు యత్నములును మంచివే. చాలినన్ని వాచకములు, కథలు, ఉపాధ్యాయులు లేకయే ఇట్టి యత్నములు డస్సిపోవును. పరిశోధన జాలము ఇచ్చట చేయగల మేలు స్పష్టము. చర్లలోని ముసలి అవ్వ చెప్పు కథను నాణ్యత చెడకుండ ధ్వనిముద్రణ చేసి, హైదరాబాదు విశ్వవిద్యాలయమున ప్రమాదముననున్న భాషల అధ్యయన కేంద్రమునకు పంపవచ్చును; అచ్చటి పండితులు దానిని పరిష్కరించి, వారము తిరుగకుండ వాచకముగా వెనుకకు పంపవచ్చును. లండనులోని హైమెండార్ఫ్ చిత్రములను తెరపై చూచి, ఈ కొండ ఫలానాది, ఈ బుట్ట అల్లిక మా పల్లెదని పెద్దలు చెప్పగా, పేరులేని చిత్రములకు పేర్లు చేర్చవచ్చును. చిత్రమును చూచుటకు సాధారణ కనెక్షను చాలును; చిత్రమును దిద్దు అధికారమునకు మాత్రము ఇరువైపుల సమానమైన దారి కావలెను.

కొత్తగూడెమున గనుల విద్య నేర్పిన పాత కళాశాల, 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేర భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా ఎదిగినది. భూమిని, నీటిని, ఖనిజములను చదువుటకు ఈ సీమకంటె మేలైన చోటు లేదు. ఆ విశ్వవిద్యాలయమును కూడలిగా నిలిపి, భద్రాచలము సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని ఆశ్రమ పాఠశాలలను, ప్రభుత్వ డిగ్రీ కళాశాలలను పరిశోధన జాలముతో కలుపుట అసాధ్యమైన పని కాదు. తీగతోపాటు ప్రతి పాఠశాలయందును ఒక ఉపాధ్యాయునకు ఆ పనికై వేళను, శిక్షణను, గౌరవమును కల్పింపవలెను. బాగుచేయువానిని మండల కేంద్రముననే ఉంచవలెను. మొదటి పాఠములు నదినుండి, అడవినుండి, కోయ పలుకునుండి మొదలు కావలెను.

ఈ పనికి ఫలితమును కొలుచు విధానమును సైతము ఇప్పుడే నిర్ణయించుకొనుట మంచిది. ఎన్ని తెరలు బిగించితిమి, ఎన్ని గంటల పాఠము వినిపించితిమి అను లెక్కలు నివేదికలకు పనికివచ్చును గాని విద్యకు కొలతలు కావు. చర్ల బిడ్డ నమోదు చేసిన నీటిమట్టము ఎన్ని శాస్త్రగ్రంథములలోనికి ఎక్కినది, కోయ అవ్వ కథ ఎన్ని తరగతులలో చదువబడినది, మన్యపు విద్యార్థి వేసిన ప్రశ్న ఏ ప్రయోగశాలలో కొత్త వెదుకులాటకు కారణమైనది: ఈ లెక్కలు పెరిగిన దినముననే అడవికి రావలసిన అప్పు తీరుటకు మొదలైనదని చెప్పవచ్చును.