సాయంకాలపు తరగతి, తీరని అలసట

శ్రమించినవాడు అలసిపోవుట సహజం. ఒక రాత్రి నిద్రతో తీరిపోయే ఆ అలసటను ఎవరూ వ్యాధి అనరు. కాని నిద్రించి లేచినా తీరని అలసట వేరొకటి ఉన్నది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, బోర్డు మీద రెండు పంక్తులు వ్రాసేసరికి చేయి బరువెక్కుట, చెప్పబోయిన మాట నాలుక చివరకు వచ్చి ఆగిపోవుట దాని గుర్తులు. కాలు విరిగినవానికి కట్టు కనిపిస్తుంది, జ్వరపడినవానికి ఒళ్ళు కాలుతుంది. ఈ రోగికి మాత్రం ఇతరులకు చూపడానికి ఏమీ ఉండదు. అందుచేతనే 'బద్ధకం' అన్న మాట అతని వీపు వెనుక త్వరగా పుడుతుంది.

అధ్యాపక వృత్తిలో ఈ సమస్య సాయంకాలం వేళ బయటపడుతుంది. పదవ తరగతి పరీక్షలు దగ్గరపడిన నెలలలో మన రాష్ట్రపు ఉన్నత పాఠశాలలలో బడి విడిచిన తరువాత ప్రత్యేక తరగతులు జరుగుతాయి. ఆశ్రమ పాఠశాలలలోనైతే ఏడాది పొడుగునా సాయంకాలపు చదువు గంటలు, వంతులవారీగా రాత్రి కాపలా తప్పవు. 2016లో ప్రారంభమైన మైనారిటీ గురుకులాలలో ఉద్యోగం చేయాలని మన విద్యార్థినీ విద్యార్థులు చాలామంది కోరుకొంటున్నారు గనుక ఈ విషయం వారికి ముందుగానే తెలిసి ఉండుట మంచిది. పగలంతా నాలుగైదు పీరియడ్లు నిలబడి గొంతెత్తి చెప్పిన మనిషికి మరొక గంట అదనంగా వచ్చినప్పుడు, ఆరోగ్యవంతుడు దానిని విసుగుతోనైనా దాటిస్తాడు. రోగికి ఆ ఒక్క గంట మరునాటి ఉదయాన్ని కూడా తినివేస్తుంది.

ఈ అలసటకు మన ప్రాంతంలో అన్నిటికంటె సామాన్యమైన కారణం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుండి 49 సంవత్సరాల వయస్సు గల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనులు. అనగా అధ్యాపికల గదిలో పదిమంది కూర్చుంటే అయిదారుగురికి ఈ లోపం ఉండవచ్చునన్నమాట. రక్తంలోని హీమోగ్లోబిన్ ఒక గ్రాము సుమారు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాములున్న మనిషికి 20 మిల్లీలీటర్లు అందితే, 8 గ్రాములే ఉన్న మనిషికి అందేది 11 కంటె తక్కువ. పని అదే, మెట్లు అవే, తరగతి అదే. లోపలి బండికి మాత్రం సగం ఇంధనం. గుండె వేగంగా కొట్టుకొని ఆ లోటును కొంత పూడుస్తుంది. ఆ పూడ్పు ఖర్చంతా సాయంత్రానికి లెక్కకు వస్తుంది.

గర్భిణులు కాని స్త్రీలలో 12 గ్రాములకు, పురుషులలో 13 గ్రాములకు తగ్గితే రక్తహీనత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ పరీక్షకు మన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి వరకు కూడా వెళ్ళనక్కరలేదు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే చేస్తారు. ఇనుము మాత్రలు చవక. కాని వాటిని మ్రింగే తీరు చాలామందికి తెలియదు. మాత్ర వేసుకొని వెంటనే చాయ్ త్రాగితే, అందులోని టానిన్లు ఇనుమును పట్టివేసి ఒంటికి అందనీయవు. పీరియడుకు, పీరియడుకు నడుమ ఇరానీ చాయ్ లేనిదే బండి కదలని మన స్టాఫ్ రూములకు ఈ మాట రుచించకపోవచ్చును. అయినను మాత్రకు, చాయ్‌కు నడుమ కనీసం గంట, వీలైతే రెండు గంటల ఎడం ఉండాలి. నిమ్మరసంతో గాని ఉసిరికాయతో గాని తీసుకొంటే ఇనుము బాగా అందుతుంది. కలేజీ తినేవారికి అది మంచి ఆహారం. హీమోగ్లోబిన్ సరియైన అంకెకు చేరగానే మాత్రలు మానరాదు. ఒంటిలోని నిలువలు నిండడానికి మరి రెండు మూడు నెలలు పడుతుంది. ఇక పురుషునికి రక్తహీనత వస్తే మాత్రలతో సరిపెట్టుకొనక రక్తం ఎక్కడ పోతున్నదో వైద్యునిచేత వెదికించుకొనాలి. మూలశంక కావచ్చును, కడుపులో పుండు కావచ్చును, అంతకంటె పెద్దదే కావచ్చును.

రెండవ కారణం థైరాయిడ్ గ్రంథి మందగించుట. గొంతు ముందున్న ఈ చిన్న గ్రంథి స్రవించే ద్రవం తగ్గితే ఒంటిలోని ప్రతి పనీ నెమ్మదిస్తుంది. మనిషి బరువెక్కుతాడు, చలికి ఓర్వలేడు, మరుపు వస్తుంది. దీనికి వాడే లెవోథైరాక్సిన్ మాత్రను పరగడుపున నీటితో తీసుకొని, అరగంట నుండి గంట వరకు ఏమీ తినక త్రాగక ఉండాలి. ఇనుము, కాల్షియం మాత్రలను దానికి నాలుగు గంటల దూరంలో ఉంచాలి. రంజాన్ మాసంలో ఈ వేళలు తారుమారవుతాయి గనుక, రాత్రి భోజనమైన మూడు గంటలకు పడుకొనబోయే ముందు తీసుకొనవచ్చునా, సహరీకి ముందే లేచి తీసుకొనాలా అన్నది మాసం ప్రారంభానికి ముందే వైద్యుని అడిగి తెలిసికొనాలి. మోతాదు మార్చిన ఫలితం రక్తపరీక్షలో తేలడానికి ఆరు వారాలు పడుతుంది. పది రోజులకే 'మందు పని చేయలేదు' అని మానివేసేవారు అనవసరంగా నష్టపోతున్నారు.

మధుమేహం సంగతి వేరు. ఇన్సులిన్ గాని కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారికి సాయంకాలపు తరగతి ఆహారవేళను వెనుకకు నెడుతుంది. చెమట, వణుకు, తత్తరపాటు కలిగితే పాఠం ఆపి మూడు చెంచాల చక్కెర తీసుకొనవలసిందే. తరగతి పూర్తయ్యే వరకు ఆగరాదు. ములుగు, ఏటూరునాగారం వైపు గిరిజన గ్రామాల నుండి వచ్చే విద్యార్థులలో కొందరికి సికిల్‌సెల్ వ్యాధి ఉంటుంది. దానిని నిర్మూలించడానికి 2023 జూలైలో జాతీయ కార్యక్రమం ప్రారంభమైనది. ఆ పిల్లవాడు సాయంకాలపు తరగతిలో తల వాల్చితే దండించే ముందు అడిగి తెలిసికొనాలి.

అన్నిటికంటె కష్టమైనది, ఏ రక్తపరీక్షకూ చిక్కనిది, మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ అనే వ్యాధి. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి సిబ్బందిలో అనేకులు ఒక్కసారిగా జబ్బుపడిన తరువాత ఈ పేరు వాడుకలోకి వచ్చింది. కొవిడ్ అనంతరం ఇటువంటి లక్షణాలతో బాధపడేవారిని ప్రపంచమంతటా చూస్తున్నాము. దీని ప్రత్యేకత ఏమనగా, శ్రమించినందుకు శిక్ష అప్పటికప్పుడు పడదు. ఒక రోజు, రెండు రోజులు ఆగి పడుతుంది. సోమవారం సాయంత్రం ఉత్సాహంగా పాఠం చెప్పినవాడు బుధవారం మంచం దిగలేడు. రోజూ కొంచెం కొంచెంగా వ్యాయామం పెంచితే నయమవుతుందని ఒకప్పుడు చెప్పేవారు. 2021లో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ ఆ సలహాను విరమించుకొన్నది. ఇప్పుడు చెప్పేది పొదుపు: ఒంట్లో బాగున్న రోజున కూడా శక్తినంతా ఖర్చు చేయరాదు. నెల జీతంతో బ్రతికేవారికి ఈ లెక్క కొత్తది కాదు.

కారణమేదైనా, సాయంకాలపు గంటను నెగ్గుకొని రావడానికి కొన్ని ఉపాయాలున్నవి. ఎత్తైన స్టూలు మీద కూర్చుండి పాఠం చెప్పుట అగౌరవం కాదు. కొత్త పాఠాన్ని ఉదయపు పీరియడులో ముగించి, సాయంత్రం లెక్కలు చేయించుట, విద్యార్థుల చేత చదివించుట, ప్రశ్నలకు జవాబులు వ్రాయించుట పెట్టుకొంటే గొంతుకు, కాళ్ళకు విశ్రాంతి. విద్యార్థికి కూడా ఆ వేళ విని కూర్చొనుట కంటె చేసి నేర్చుకొనుటే మేలని నా అభిప్రాయం. రెండు వారాల పాటు ఏ గంటకు ఎంత అలసట కలిగినదో ఒక చిన్న పుస్తకంలో వ్రాసి వైద్యునికి చూపాలి. ధ్రువపత్రంలో రోగం పేరు కంటె పనికి సంబంధించిన మాట ముఖ్యం. 'సాయంత్రం 5 గంటల తరువాత నిలబడి బోధించరాదు' అని వ్రాయించుకొంటే ప్రిన్సిపాలుకు ఏమి చేయాలో తెలుస్తుంది, రోగి గోప్యమూ నిలుస్తుంది.

సెలవు నిబంధనలు ఇక్కడ అంతగా అక్కరకు రావు. ప్రభుత్వోద్యోగికి ఏడాది సర్వీసుకు 20 రోజుల అర్ధజీతపు సెలవు జమ అవుతుంది. వైద్య ధ్రువపత్రంపై దానిని మార్చుకొనవచ్చును. కాని ఆ నిబంధనలు రోజులను లెక్కపెడతాయి, సాయంకాలపు గంటలను లెక్కపెట్టవు. ఒక గంట విశ్రాంతి కావలసిన మనిషి రోజంతా సెలవు పెట్టాలి, లేదా ఆ గంటను భరించాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం సికిల్‌సెల్, తలసీమియా, మల్టిపుల్ స్క్లెరోసిస్, దీర్ఘకాలిక నాడీ వ్యాధులను తన జాబితాలో చేర్చి, అటువంటి ఉద్యోగికి పనిలో సముచితమైన సర్దుబాటు చేయాలన్నది. ఆ సర్దుబాటుకు 40 శాతం వైకల్యం ఉండి తీరాలన్న షరతు లేదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సామాన్య రక్తహీనత, థైరాయిడ్ మాత్రం ఆ జాబితాలో లేవు. అక్కడ చట్టం ఆగిపోతుంది. యాజమాన్యపు వివేచన మొదలవుతుంది.

మనకు ఈ వివేచన కొత్తది కాదు. దివ్య ఖురాన్‌లోని సూరా అల్‌బఖరా 184, 185 ఆయతులు రోగికి రోజా నుండి మినహాయింపునిచ్చి, ఆ రోజులను తరువాత పూర్తి చేసుకొనే వీలు కల్పించినవి. నిలబడలేనివాడు కూర్చొని, కూర్చొనలేనివాడు పడుకొని నమాజు చేయవచ్చును. ధర్మశాస్త్రజ్ఞులు దీనినే 'రుఖ్సత్' అన్నారు. అది విధిని ఎగవేయుట కాదు, విధిని మనిషి శక్తికి తగినట్లు మలచుట. రంజాన్ మాసంలో ముస్లిం ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఒక గంట ముందుగా, 4 గంటలకే వెళ్ళడానికి మన ప్రభుత్వం ఏటా అనుమతిస్తూ వస్తున్నది. ఆ మాసంలో ఏ కార్యాలయమూ మూతపడలేదు, ఏ బడీ ఆగిపోలేదు. ఒక గంటను సర్దవచ్చునని దీనివలన ఋజువైనది.

రాజ్యాంగపు 30వ అధికరణం మన సంస్థను నిర్వహించుకొనే హక్కును మనకే ఇచ్చింది గనుక, కాలపట్టికను దిద్దడానికి ఎవరి ఉత్తర్వు కోసమూ వేచి ఉండనవసరం లేదు. సాయంకాలపు తరగతులను ఇద్దరిద్దరు అధ్యాపకులకు దినం విడిచి దినం పంచవచ్చును. వైద్య ధ్రువపత్రం తెచ్చినవారికి ఆ గంటకు బదులు ఉదయం గాని, కూర్చొని చేసే జవాబు పత్రాల పని గాని ఇవ్వవచ్చును. ఆ గదులను క్రింది అంతస్తుకు మార్చవచ్చును. వచ్చే విద్యాసంవత్సరపు కాలపట్టిక తయారు కాకముందే కమిటీవారు అధ్యాపకులను ఒక్కసారి కూర్చోబెట్టి అడిగితే, ఎవరికి ఏ గంట బరువో తేలిపోతుంది.