నిరుద్యోగ శాతం చెప్పని కథ

నెలనెలా వెలువడే అమెరికా నిరుద్యోగ శాతం చెరువులోని నీటిమట్టం వంటిది. మట్టం మారనంత మాత్రాన నీరు కదలలేదని కాదు. వాగు తెచ్చిన నీరు, తూము గుండా పోయిన నీరు సమానమై ఉండవచ్చు. నిరుద్యోగ శాతం నిలకడగా ఉన్న నెలలోనూ లక్షలాది మంది పని కోల్పోతారు, లక్షలాది మంది పనిలో చేరుతారు. పని పోయినవారు త్వరగా తేరుకుంటున్నారా, లేక కొందరే నెలల తరబడి చిక్కుకుపోతున్నారా అన్నది ఆ ఒక్క అంకె చెప్పదు.

దీనిని తెలుసుకొనేందుకు ఆధారం 'కరెంట్ పాపులేషన్ సర్వే'. సెన్సస్ బ్యూరో సుమారు 60,000 ఇళ్ళను ఇందుకై ఎన్నుకుంటుంది. ఒక్కొక్క ఇంటిని వరుసగా 4 నెలలు ప్రశ్నించి, 8 నెలలు విడిచి, మరల 4 నెలలు ప్రశ్నిస్తారు. అందువలన ఏ నెల నమూనాలోనైనా దాదాపు నాలుగింట మూడు వంతుల ఇళ్ళు అంతకుముందు నెలవే. ఒకే వ్యక్తి రెండు నెలల సమాధానాలను జతపరిస్తే, అతడు ఉద్యోగిగా ఉన్నాడా, నిరుద్యోగి అయ్యాడా, పని వెదకడమే మానుకున్నాడా అన్నది తేలుతుంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. తరచు ఇంట్లో ఒకరే అందరి తరఫున బదులు చెబుతారు, పొరపాట్లు సహజం. స్థితి ఏమాత్రం మారని 1,000 మందిలో మొదటి నెల 10 మంది, మరుసటి నెల వేరొక 10 మంది తప్పుగా నమోదయ్యారనుకుందాం. మొత్తం శాతంలో తేడా అంతగా కనిపించదు. జతపరచి చూస్తే మాత్రం 20 మంది స్థితి మారినట్లు తోస్తుంది!

కొన్ని కుటుంబాలను తిరిగి ప్రశ్నించి, ఇటువంటి తప్పులను అంచనా వేస్తారు. ఆ వివరాల ఆధారంగా జాన్ అబౌడ్, ఆర్నాల్డ్ జెల్నర్ 1985లోను, జేమ్స్ పోటెర్బా, లారెన్స్ సమ్మర్స్ 1986లోను లెక్కలను సవరించారు. రాకపోకలు పైకి కనిపించినంత ఎక్కువ కావనీ, నిరుద్యోగం అనుకున్నదానికంటే దీర్ఘకాలం వేధిస్తుందనీ తేలింది.

మరొక లోపం: సర్వే వెంబడించేది చిరునామానే గాని మనిషిని కాదు. ఉద్యోగం కోసం డెట్రాయిట్ వీడి డాలస్ చేరిన కుటుంబం ఈ జతల లెక్క నుండి జారిపోతుంది. ఉద్యోగం వెంట ఊళ్ళు మారే ప్రవాసాంధ్ర కుటుంబాలకు ఇది తెలియని అనుభవం కాదు.

చాలా రాష్ట్రాలలో నిరుద్యోగ భృతి గరిష్ఠంగా 26 వారాలే. ఆ గడువు చాలునో చాలదో నిర్ణయించాలంటే ఎందరు నిరుద్యోగులన్నది తెలిస్తే సరిపోదు. ఒక్కొక్కరు ఎంతకాలంగా నిరీక్షిస్తున్నారో సరిగా కొలవాలి.