పుటగుర్తులు – నూతన లేఖకుడు

గ్రంథమున నుంచిన నెమలియీక ఒక్క చదువరికే గుర్తు. ఆ గుర్తును పదుగురి యెదుట నుంచునదే సామూహిక పుటగుర్తు. 2003లో జాషువా షాక్టర్ నెలకొల్పిన డెలిషస్ ఈ పద్ధతికి ప్రాచుర్యము తెచ్చినది. చదువరి తాను మెచ్చిన అంతర్జాల పుటకు ఒక గుర్తుమాట తగిలించును. అదే మాటను వాడిన యితరుల యెన్నికలును అతనికి కానవచ్చును. తెలుగు బ్లాగులను ఒకచోట చూపిన ‘కూడలి’ ప్రయోజనమును ఇట్టిదే.

బస్తరు సీమలోని మద్దేడ్ వంటి చోట, ప్రచురణ కేంద్రములకు దూరముగా కలము పట్టిన తెలుగువానికి ఇది గొప్ప ప్రాపు. అయినను ఒక మెలకువ వలయును. ఊరి పేరును అతడు ‘మద్దేడ్’ అనియు, వేరొకరు ‘మద్దేడు’ అనియు, మూడవవారు హిందీ లిపిలోను వ్రాసినచో, అక్షరములను మాత్రమే పోల్చు యంత్రమునకు అవి మూడు వేరు మాటలు. ఒకే యూరిని గూర్చిన రచనలు ఒకదానినొకటి యెరుగకుండ పోవును. కావున వాడుకలోని రూపములన్నింటిని చేర్చుట మేలు.

రెండవది నిలుకడ. డెలిషస్ 2005లో యాహూ వశమై, చేతులు మారి, 2017లో పిన్‌బోర్డు చేరి, కొత్త గుర్తులను స్వీకరించుట మానినది. గూగుల్ రీడర్ 2013లోనే మూతపడినది. పంచుకొను సాధనము సంతకు పోవు బండి; ధాన్యము మాత్రము సొంత గాదెలో నుండవలెను. రచన ప్రతిని, గుర్తుల పట్టికను లేఖకుడు తనకడ భద్రపరచుకొనుట విధి.