నెత్తురు గడ్డను కరిగించే మందు మన ఒంట్లోనే!

కూర తరుగుతుంటే కత్తిపీట తగిలి వేలు తెగుతుంది. కాసేపు గట్టిగా నొక్కి పట్టుకుంటే నెత్తురు ఆగిపోతుంది. తెగినచోట 'ఫైబ్రిన్' అనే సన్నని పోగులు వలలా అల్లుకుంటాయి. అందులో రక్తకణాలు చిక్కుకుని గడ్డ కడుతుంది. ఇది మనల్ని కాపాడే ఏర్పాటు. అదే గడ్డ గుండెకో, మెదడుకో వెళ్ళే రక్తనాళంలో అడ్డుపడితే ప్రాణం మీదికొస్తుంది.

మరి పని తీరిన గడ్డను తొలగించేదెవరు? ఆ పనివాడూ మన ఒంట్లోనే ఉన్నాడు. కాలేయంలో తయారయ్యే 'ప్లాస్మినోజెన్' అనే మాంసకృత్తు ఎప్పుడూ రక్తంలో తిరుగుతూనే ఉంటుంది. అయితే అది ఒరలో ఉన్న కత్తి వంటిది. వేళగాని వేళ పైకి వస్తే అవసరమైన గడ్డలు కూడా కరిగి రక్తస్రావమవుతుంది. అందుకే అది ముడుచుకుని ఉంటుంది. ఆ ముడుచుకున్న రూపాన్ని ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2012లో స్పష్టంగా చూపించారు.

ఈ మాంసకృత్తులో అయిదు చుట్లున్నాయి. మన జంతికను పోలిన 'క్రింగిల్' అనే డెన్మార్క్ పిండివంట పేరే వాటికి పెట్టారు. ఈ చుట్లు ఫైబ్రిన్ పోగుల్లోని 'లైసిన్'ను పట్టుకుంటాయి. పట్టు దొరకగానే ప్లాస్మినోజెన్ విచ్చుకుంటుంది. రక్తనాళాల గోడల నుంచి వచ్చే 'టి.పి.ఎ.' దాన్ని 'ప్లాస్మిన్'గా మారుస్తుంది. ప్లాస్మిన్ ఆ పోగులను ముక్కలు చేస్తుంది. గడ్డ కరుగుతుంది.

డాక్టర్లిచ్చే గడ్డ కరిగించే మందులు చేసేది కూడా ఈ ప్లాస్మినోజెన్‌ను మేల్కొలపడమే. ఇటలీలో 11 వేల మందికి పైగా గుండెపోటు రోగులపై జరిగిన పరిశోధన ఫలితాలు 1986లో వెలువడ్డాయి. 'స్ట్రెప్టోకైనేజ్' ఎంత త్వరగా పడితే అంత మేలని తేలింది. 1995లో టి.పి.ఎ. పక్షవాతానికీ పనికొస్తుందని రుజువైంది.

దీనికి ఎదురు పనిచేసే మందూ ఉంది. జపాన్‌కు చెందిన ఒకమోటో దంపతులు 1962లో ప్రకటించిన 'ట్రానెక్సామిక్ ఆమ్లం' ఆ చుట్లలో తానే దూరి, ఫైబ్రిన్‌కు పట్టు దొరకనివ్వదు. కాన్పు తర్వాత విపరీతంగా రక్తం పోయే తల్లులకు దీన్ని మూడు గంటల లోపు ఇస్తే ప్రాణాలు నిలబడే అవకాశం పెరుగుతుంది.

కాబట్టి ఇంట్లో ఎవరికైనా మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, మాట తడబడినా ముందు గడియారం చూడండి. ఆ మనిషి ఆఖరుసారి మామూలుగా ఉన్న వేళను గుర్తుంచుకుని డాక్టరుకు చెప్పండి. పక్షవాతంలో గడ్డ కరిగించే సూదిమందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపు పడాలి. అయితే మెదడులో నాళం చిట్లినా లక్షణాలు ఇవే. అప్పుడు ఈ మందు విషమే. ఆ తేడా తెలిసేది స్కాన్‌తోనే. అందుచేత ఇంట్లో మీ అంతట మీరు ఆస్పిరిన్ మింగించకండి. స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా తీసుకెళ్ళండి. "తెల్లవారాక చూద్దాంలే" అని మాత్రం అనకండి.