రాయల తిథి రాతి మీద ఉంది, ఆ అరవై మంది పేర్లేవి?

శ్రీకృష్ణదేవరాయలు చనిపోయిన సంవత్సరం 1529 అని చాలాకాలంగా చెప్తూనే ఉన్నారు. ఏ రోజన్నది మాత్రం 2022లో తేలింది. కర్ణాటకలో తుమకూరు దగ్గర హొన్నేనహళ్ళిలో ఒక శాసనం దొరికింది. దాని ప్రకారం అది అక్టోబరు 17, ఆదివారం. రమారమి ఐదొందల ఏళ్ళయినా రాజుగారి చావు తేదీ రాతి మీద భద్రంగా ఉంది.

ఆ రోజుల్లో చనిపోయిన పెద్దల పేర్లన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. 1503లో అన్నమయ్య, 1518లో బహమనీ సుల్తాను మహమూద్ షా, 1529లో రాయలు. అన్నమయ్య పాటలు వేల కొద్దీ రాగిరేకుల మీద మిగిలాయి. మంచిదే. ఆయన దంపుళ్ళ పాట, లాలిపాట, కోలాటం పాటల బాణీలు కూడా వాడుకున్నాడు. ఆ బాణీలు రోకలి పట్టి వడ్లు దంచిన ఆడవాళ్ళవి. వాళ్ళ పేర్లు ఏ రేకు మీదా లేవు.

ఇక రాయల చెరువు సంగతి చూద్దాం. ఇప్పటి హోస్పేట దగ్గర నాగలాపురం అనే కొత్త పట్నం కట్టిస్తూ ఆయన రెండు గుట్టల నడుమ పెద్ద చెరువు తలపెట్టాడు. 1520 ప్రాంతంలో అక్కడికి వచ్చిన పోర్చుగీసువాడు డొమింగో పేస్ ఆ పని కళ్ళారా చూశాడు. పదిహేను ఇరవై వేల మంది చీమల్లా పనిచేస్తుంటే కింద నేల కనపడలేదని రాశాడు. కట్ట రెండు మూడుసార్లు తెగింది. ఎందుకు తెగిందని రాజు బ్రాహ్మణులను అడిగితే, దేవుడికి కోపం వచ్చింది, రక్తం కావాలన్నారట. గుడి వాకిట్లో అరవై మంది తలలు నరికించారని, గుర్రాలను, దున్నలను కూడా బలిచ్చారని పేస్ రాశాడు. తర్వాత వచ్చిన న్యూనిజ్ అనే గుర్రాల వ్యాపారి, బలైనవాళ్ళు మరణశిక్షకు తగిన ఖైదీలని రాశాడు. ఖైదీలైతే మాత్రం మనుషులు కారా? కట్ట నిలిచింది రక్తానికి కాదు, మట్టి మోసిన చేతులకు.

చెరువు కింద భూములకు తొమ్మిదేళ్ళు శిస్తు మాఫీ చేశాడని కూడా న్యూనిజ్ రాశాడు. ఆ మేలు దాచనక్కర్లేదు. కాని రాజ్యమంతటా రైతు గతి ఏమిటో కూడా ఆయనే చెప్పాడు: భూమంతా రాజుది, రాజు దగ్గర నాయకులు తీసుకుంటారు, దున్నేవాడు పండినదాంట్లో పదింట తొమ్మిది వంతులు వాళ్ళకు కట్టాలి. మిగిలిన ఒక్క వంతుతో పిల్లాజెల్లా బతకాలి. స్వర్ణయుగం అంటే ఇదీ లెక్క!

ఇతర దేశాల్లోనూ ఇదే కథ. 1514 జులైలో హంగరీలో రైతుల తిరుగుబాటుకు నాయకుడైన డోజాను కాల్చిన ఇనుప సింహాసనం మీద కూర్చోబెట్టి చంపారు. ఆ ఏడే రైతులను భూస్వాముల భూమికి కట్టేస్తూ చట్టం తెచ్చారు. 1525లో జర్మనీ రైతులు పన్నెండు కోరికలు అచ్చు వేయించారు. అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కావాలన్నారు, అదనపు చాకిరీ తగ్గించాలన్నారు. అణచివేతలో చచ్చినవాళ్ళు లక్ష దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. మే 27న వాళ్ళ నాయకుడు ముంజర్ తల నరికారు. ఎంగెల్స్ 1850లో ఆ పోరాటం మీద పుస్తకం రాశాడు కాబట్టి ముంజర్ పేరు మనదాకా వచ్చింది. ఆ లక్షమందిలో ఎందరి పేర్లు తెలుసు?

మన ధారూర్ ప్రాంతం అప్పట్లో రాయల ఏలుబడిలో లేదు. ఇది బహమనీల నేల. రాజులు మారారు, నవాబులు వచ్చారు, నిజాం కాలం దాకా వెట్టి మాత్రం పోలేదు. ఆ తర్వాత 1967లో ఇక్కడ కోట్‌పల్లి ప్రాజెక్టు కట్టారు. ఏ ప్రాజెక్టు దగ్గరికైనా పోయి పలక చదవండి. మంత్రి పేరుంటుంది, అధికారుల పేర్లుంటాయి. తట్ట మోసిన ఆడమనిషి పేరు ఉంటదా?

ఇది ఉత్త గౌరవం సంగతి కాదు, కడుపు సంగతి. 2005 ఉపాధి హామీ చట్టం కింద చెరువుల్లో పూడిక తీసిన రోజుల్లో మనకు బాగా తెలిసొచ్చింది: మస్టర్‌లో పేరు లేకపోతే కైకిలి లేదు. పని మీద ప్రాణం పోతే, ఆ మనిషి అక్కడ పనిచేసినట్టు రుజువే లేదు. రాజు చావుకు శాసనం ఉంటది, కూలి చావుకు కాగితం కూడా ఉండదు!

అందుకని ప్రతి కూలి గుంపూ సొంతంగా ఒక నోటుబుక్కు పెట్టాలి. పేరు, ఊరు, తేదీ, చేసిన పని, వచ్చిన కైకిలి ఏ రోజుకారోజు రాయాలి. చదువొచ్చిన పిల్లలుంటే వాళ్ళతో రాయించండి. కోట్‌పల్లి కట్ట మీద మట్టి పోసిన ముసలోళ్ళు మన ఊళ్ళల్లో ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే, ముందు వాళ్ళ పేర్లతోనే మొదటి పేజీ మొదలుపెట్టండి. మన శాసనం మనమే రాసుకోవాలి.