మీకు తెలుసా? ‘అంతా మన మంచికే’ అన్న మాటకు జవాబుగా ఒక నవల పుట్టింది

వేలు తెగిన రాజు, “అంతా మన మంచికే” అన్న మంత్రి కథ వినని తెలుగువాళ్లు అరుదు. వేలు లేనివాడు బలికి పనికిరాడని అడవిలో రాజును వదిలేస్తారు. చెరసాలలో ఉండబట్టి మంత్రీ బతికిపోతాడు. చిన్నప్పుడు ఈ కథ విన్న ప్రతిసారీ నాకొక దిగులు ఉండేది. రాజును వదిలేశాక, ఆ రోజు బలికి ఎవరిని పట్టుకొచ్చారు? ఫ్రెంచి రచయిత వోల్టేర్ 1759లో అచ్చు వేయించిన ‘కాండీడ్’ అనే చిన్న నవలలో అడుగడుగునా నాకు ఆ ప్రశ్నే వినబడుతుంది.

◆ ‘ఆప్టిమిజం’ అనే మాట మొదట వెక్కిరింపుగా పుట్టింది. దేవుడు సృష్టించగలిగిన లోకాలన్నిటిలోకీ మనదే ఉత్తమమని జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ 1710లో వాదించాడు. ఫ్రాన్సులోని జెసూట్ పాదిరీలు 1737లో తమ పత్రికలో ఆ వాదానికి ఈ పేరు తగిలించారు. అంటే అప్పట్లో ఈ మాటకు ‘రేపు బాగుంటుంది’ అన్న అర్థం లేదు, ‘ఉన్నదంతా బాగానే ఉంది’ అనే అర్థం. మొదటిది మనిషిని పనికి పురికొల్పుతుంది, రెండోది కూర్చోబెడుతుంది. వోల్టేర్ పోరాడింది రెండోదాని మీద.

◆ ఆ పోరాటానికి నిప్పు రాజేసింది భూకంపం. 1755 నవంబర్ 1, సకల పునీతుల పండుగ. పోర్చుగల్‌లోని లిస్బన్ నగరమంతా పొద్దున్నే చర్చిల్లో ఉంది. భూమి కదిలింది, కప్పులు కూలాయి, వెలుగుతున్న కొవ్వొత్తుల నుంచి మంటలు లేచాయి, ఆపైన సముద్రం ఊరి మీదికొచ్చింది. వేలమంది చనిపోయారు. ఇది ప్రజల పాపాలకు దేవుడు వేసిన శిక్ష అని మలగ్రీద అనే జెసూట్ పాదిరీ చాటాడు. మంత్రి పొంబాల్ మాత్రం ప్రతి చర్చి పరిధికీ ఒక ప్రశ్నల పత్రం పంపించాడు. ఎంతసేపు కదిలింది? సముద్రం ముందు వెనక్కి వెళ్లిందా, పైకి లేచిందా? ఎందరు పోయారు? ఆ జవాబులు నేటికీ పోర్చుగల్ పురాలేఖాగారంలో ఉన్నాయి. భూకంపశాస్త్రానికి అవి తొలి అడుగుల్లో ఒకటి.

తర్వాత 1761లో ఆ ముసలి మలగ్రీదనే మతద్రోహి అని మతవిచారణ న్యాయస్థానం చంపించి, కాల్పించింది. జెసూట్లంటే గిట్టని వోల్టేర్ ఆ శిక్షను కూడా గట్టిగా ఖండించాడు. గిట్టనివాడికి జరిగిన అన్యాయం అన్యాయంగా కనబడడం చిన్న విషయం కాదు.

◆ నవలలో, భూకంపాలు మళ్లీ రాకుండా కొందరిని తగలబెట్టాలని పండితులు తేలుస్తారు. అందుకు పట్టుకొచ్చినవాళ్లలో ఇద్దరి నేరం ఏమిటంటే, కోడికూర తింటూ అందులోని పంది కొవ్వును తీసి పక్కన పెట్టడం. ఇందులో కల్పన తక్కువ. పంది మాంసం మానేసినవాళ్లు రహస్యంగా యూదులేనేమోనని స్పెయిన్, పోర్చుగల్ మతవిచారణలు నిజంగానే అనుమానించేవి. పక్కవాడి పళ్లెంలో ఏముందో తొంగిచూసి మనిషిని తూచే అలవాటు లోకానికి ఇంకా పోలేదు. అందుకే ఆ పేజీ దగ్గర నాకు గుండె బరువెక్కుతుంది.

◆ ఆకలితో అలమటిస్తున్న కథానాయకుడు కాండీడ్‌ను మొదట ఆదరించేది అనాబాప్టిస్టు జాక్. కథాకాలానికి ముందు నుంచీ కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఇద్దరూ వేధించిన శాఖ అది. లిస్బన్ రేవులో ఒక నావికుణ్ణి కాపాడబోయి జాక్ సముద్రంలో పడతాడు. కాండీడ్ దూకబోతే గురువు పాంగ్లాస్ ఆపేస్తాడు. జాక్ మునగడానికే ఆ రేవు ఏర్పడిందని తర్కించి చూపిస్తాడు. ఆ తర్కం ముగిసేలోపు మనిషి పోయాడు. నవల మొత్తంలో నన్ను వదలనిది ఈ ఘట్టమే. ‘అంతా మంచికే’ అన్న మాట ఇక్కడ ఓదార్పు కాదు, సాయానికి చాచిన చేతిని వెనక్కి లాగే బలం.

◆ ‘మన తోట మనం సాగు చేసుకోవాలి’ అన్న భావంతో నవల ముగుస్తుంది. లోకం గొడవ వదిలేసి మూల కూర్చోమన్నాడని చాలామంది అనుకుంటారు. రచయిత జీవితం వేరే చెబుతుంది.

1761 అక్టోబర్ 13 రాత్రి, తూలూజ్ నగరంలో ప్రొటెస్టెంటు వ్యాపారి జాన్ కలాస్ ఇంట్లో పెద్దకొడుకు ఉరికి చనిపోయి కనిపించాడు. (కలాస్ అమ్మేది ‘ఇండియెన్’ అనే అద్దకపు నూలు బట్టలు. మచిలీపట్నంతో సహా మన రేవుల నుంచి వెళ్లిన అద్దకాల వల్లే ఆ పేరొచ్చింది.) ఆత్మహత్య చేసుకున్నవాడి శవాన్ని వీధుల్లో ఈడ్చే రోజులవి. అందుకే ఇంట్లోవాళ్లు మొదట నిజం దాచారు. బయట గుమిగూడిన జనంలోంచి, కేథలిక్కుగా మారబోతున్నాడని తండ్రే చంపాడన్న కేక లేచింది. ఇక దానికి సాక్ష్యం అక్కర్లేకపోయింది. చనిపోయిన కుర్రాణ్ణి అమరవీరుడిగా ఊరేగించి కేథలిక్కు పద్ధతిలో పాతిపెట్టారు. ఆ ఇంట్లో మరో కొడుకు అప్పటికే మతం మారి బతికే ఉన్నాడనీ, అతను మారడానికి కారణమైన కేథలిక్కు పనిమనిషి ఇంకా అక్కడే పని చేస్తోందనీ ఎవరూ ఆలోచించలేదు. 1762 మార్చి 10న, 60 దాటిన ఆ తండ్రిని చక్రం మీద కట్టి ఎముకలు విరగ్గొట్టి చంపారు. చివరి ఊపిరి దాకా నేను నిర్దోషినే అన్నాడు.

మొదట వోల్టేర్ కూడా అతను దోషేనేమో అనుకున్నాడు. జెనీవాకు పారిపోయి వచ్చిన చిన్నకొడుకుతో మాట్లాడాక మనసు మార్చుకున్నాడు. ఉత్తరాలు రాశాడు, వకీళ్లను పెట్టాడు, డబ్బు ఖర్చు చేశాడు, 1763లో సహనం మీద గ్రంథం ప్రచురించాడు. 1765 మార్చి 9న, అంటే దాదాపు సరిగ్గా మూడేళ్లకు, పారిస్‌లో 40 మంది న్యాయమూర్తులు కలాస్ నిర్దోషి అని తీర్పు చెప్పారు. రాజు ఆ కుటుంబానికి 36,000 లీవ్ర్‌లు ఇప్పించాడు. కలాస్ కుటుంబం బొమ్మను వోల్టేర్ తన మంచం దగ్గర తగిలించుకున్నాడు.

◆ వోల్టేర్ స్థిరపడిన ఫెర్నే ఊళ్లో జెనీవా నుంచి వచ్చిన ప్రొటెస్టెంటు గడియారాల పనివాళ్లూ, స్థానిక కేథలిక్కులూ పక్కపక్కనే బతికారు. వాళ్లు చేసిన గడియారాలను రష్యా రాణి కేథరిన్ కూడా కొన్నది.

◆ లా బార్ అనే 20 ఏళ్ల యువకుడు, మతపరమైన ఊరేగింపు వెళ్తుంటే టోపీ తీయలేదన్నది అతని మీద పడ్డ ఆరోపణల్లో ఒకటి. 1766 జులై 1న తల నరికి దేహాన్ని కాల్చినప్పుడు, అతని దగ్గర దొరికిన వోల్టేర్ పుస్తకాన్నీ ఆ మంటలోనే వేశారు. పారిస్‌లోని మోమార్త్ర్ గుట్ట మీద పెట్టిన అతని విగ్రహాన్ని 1941లో, జర్మన్ల ఆక్రమణ కాలంలో, కరిగించేశారు. 2001లో కొత్తది నిలిపారు.

◆ నీ మాట నాకు నచ్చకపోయినా అది చెప్పే నీ హక్కు కోసం ప్రాణమిస్తానన్న మాట వోల్టేర్‌ది కాదు. అతని జీవితం గురించి రాసిన ఇంగ్లిషు రచయిత్రి ఎవలిన్ బియాట్రిస్ హాల్, అతని వైఖరిని చెప్పడానికి 1906లో రాసిన వాక్యం అది.

◆ ఇంత చేసినవాడు యూదుల గురించి రాసిన రాతల్లో విషం ఉంది. దాన్ని దాచి అతన్ని పొగడలేను.

◆ 2015 జనవరిలో పారిస్‌లో షార్లీ ఎబ్దో పత్రిక కార్యాలయంలో హత్యలు జరిగాక, సహనం మీద వోల్టేర్ రాసిన ఆ 250 ఏళ్ల నాటి పుస్తకం దుకాణాల్లో అమ్ముడైపోయి మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చింది. దుఃఖంలో జనం వెతుక్కున్నది ఆ పుస్తకాన్ని.

◆ చివరిది మన నేలకు దగ్గరి సంగతి. 1757 జనవరిలో బొబ్బిలి కోట మీద పడ్డ బుస్సీ పేరు మనకు తెలుసు. మరుసటి ఏడు అతన్ని దక్కన్ నుంచి వెనక్కి పిలిచింది ఫ్రెంచి సేనాని లాలీ. ఆ డిసెంబర్‌లోనే చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడిపోయారు. కాండీడ్ అచ్చయిన 1759లోనే మచిలీపట్నం కోటా చేజారింది. 1761లో పుదుచ్చేరి పోయాక నింద మొత్తం లాలీ మీద మోపి, 1766 మేలో నోరు కట్టి మరీ పారిస్‌లో తల నరికారు. అతని కొడుకు న్యాయం కోసం చేసిన పోరాటానికి వోల్టేర్ తోడు నిలిచాడు. తీర్పు రద్దయిందన్న కబురు 1778 మే 26న మరణశయ్య మీదున్న వోల్టేర్‌కు అందింది. ఆ కొడుక్కి నాలుగు మాటలు రాయించాడు. అదే అతని చివరి ఉత్తరం.

మే 30న వోల్టేర్ పోయాడు. పారిస్‌లో చర్చి భూమి దక్కదని తెలిసి బంధువులు దేహాన్ని గుట్టుగా షాంపేన్ ప్రాంతంలోని ఒక మఠానికి తీసుకెళ్లి పాతిపెట్టారు. 1791 జులైలో పాంథియోన్‌కు తెచ్చినప్పుడు, ఆ బండి మీద కలాస్, లా బార్ పేర్లు రాశారు.