నిలువనీడ లేని బండ్లు

నిలుచుటకొక తావు చూపి, ఆ తావు మీరినవానిని దండించుట పరిపాలన. తావు చూపకయే దండించుట రాబడి సంపాదన మాత్రమే యగును. బందరు చెంత గిలకలదిండి చేపలరేవువంటి చోట్ల సరకు బండ్లు తోలువారి మొర యంతయు నీ రెండు మాటలలో నిమిడియున్నది. ఇట్టి మొర దేశమంతట వినవచ్చునదే యైనను, ఈ రేవునందు దానికొక విశేషకారణము కలదు. అది పట్టణవాసులును, బండ్లు గల ఆసాములును తెలిసికొనదగినది.

గిలకలదిండి మొగ ఇసుకమేటలతో పూడుచుండుట బందరువారికి క్రొత్త సంగతి గాదు. మొగ పూడిన దినములలో మరపడవలు పోటునీటి నాశ్రయించియే లోనికి రావలసియుండును. పోటు మన గడియారము ననుసరింపదు, చంద్రుని ననుసరించును. నేడుదయము 6 గంటలకు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషము లాలస్యముగ వచ్చును. వారము గడచునప్పటికి మధ్యాహ్నమునకు జరుగును. పడవ ఒడ్డు చేరినపిదప పాట ముగియవలెను, తూకము జరుగవలెను, పెట్టెలలో ఐసు పరచవలెను, ముఠావారు మోయవలెను. అంతవరకును బండి వేచియుండక తప్పదు. పట్టణములలో భారీబండ్లకు విధించు వేళలన్ననో గంటలను బట్టి యేర్పడినవి. సముద్రము నిర్ణయించిన వేళకు బయలుదేరినవానిని, పలకపై వ్రాసిన వేళ అడ్డగించును. ముందుకు పోయిన నొక తప్పు, త్రోవప్రక్కన నాగిన మరియొక తప్పు. బండిలోని ఐసు మాత్రము ఎవ్వరి యాజ్ఞకును నిలువక కరగుచుండును.

చట్ట మేమనుచున్నదో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 127వ సెక్షను ప్రకారము, బహిరంగస్థలమున 10 గంటలు దిక్కులేక పడియున్న బండినిగాని, నిషిద్ధస్థలమున నిలిపిన బండినిగాని లాగించివేయుటకు పోలీసు అధికారి యుత్తరు వీయవచ్చును. అదే చట్టములోని 117వ సెక్షను, స్థానికసంస్థలతో నాలోచించి బండ్లెచ్చట ఎంతసేపు నిలువవచ్చునో నిర్ణయించు నధికారమును రాష్ట్రప్రభుత్వమున కొసగినది. ఈ రెండు సెక్షనులును ఒకే కాడికి కట్టిన యెద్దులు. ఒకదానిని విప్పి, రెండవదానితోనే దున్నబూనిన చాలు వంకరపోవును. 117ను మరచి 127ను మాత్రమే జ్ఞాపక ముంచుకొను నధికారులపట్ల బండివాని కసహ్యము కలుగుటలో వింత యేమున్నది?

ఇక బరువు మాట. 2018లో కేంద్రప్రభుత్వము పరిమితులను సడలించెను. రెండిరుసుల లారీ మొత్తపు బరువు 16.2 టన్నులనుండి 18.5 టన్నులకును, మూడిరుసుల లారీది 25నుండి 28.5 టన్నులకును పెరిగినది. మరుసటి యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి దండన యెన్నో రెట్లు హెచ్చినది. అంతకుముందు 2,000 రూపాయలును, మించిన ప్రతి టన్నుకు 1,000 రూపాయలును ఉండిన జరిమానా, 20,000 రూపాయలకును, టన్నుకు 2,000 రూపాయలకును పెరిగెను. 3 టన్నులు మించినచో 26,000 రూపాయలు! అదనపు బరువు దింపినగాని బండి కదలరాదు. దింపు ఖర్చును భరింపవలసిన భారమును వేరుగ నున్నది. ధాన్యపు బస్తాలను త్రోవప్రక్కన పేర్చి మరియొక బండి తెప్పింపవచ్చును. చేపలను దింపినచో అవి యెండపాలు, కాకులపాలు. చేపలకు సరిపడ ఐసు వేసిన బరువు మించును. తగ్గించిన సరకు మురుగును. ఈ చిక్కునకు పరిష్కారము రోడ్డుమీద దొరకదు. రేవు విడువకమునుపే దొరకవలెను.

అట్లని అధికబరువును సమర్థించువారము కాము. మించిన బరువు రోడ్లను చీల్చును, బ్రేకులను లొంగదీయును, ఎదుటివాని ప్రాణమునకు ముప్పు తెచ్చును. చేపలబండ్లనుండి కారిన నీటిపై ద్విచక్రవాహనములు జారిపడుటయు బాధాకరమే. కోనేరు సెంటరువంటి కూడలిలో నొక్క లారీ అడ్డముగ నిలిచిన, ఆసుపత్రికి పోవు రోగియు నాగిపోవలసినదే. నియమము వలదని మే మనుట లేదు. నియమము తగినవానికి తగులవలెనని యనుచున్నాము.

బరువెక్కించువాడెవడు? డ్రైవరు కాడు. చట్టమే యీ సత్యము నెరుగును. బండి తోలువాడు యజమాని కానపుడు, నేరము యజమాని యెరుకతోనో, ఆజ్ఞతోనో జరిగినట్లు న్యాయస్థానము భావింపవచ్చునని 113వ సెక్షను చెప్పుచున్నది. 194వ సెక్షనును తోలినవానితోపాటు తోలించినవానిని దోషిగ పేర్కొన్నది. ఐనను త్రోవలో చేయి చాపి యాపినపుడు దొరకువాడు డ్రైవరే. "ఇంకొక పది పెట్టెలు పట్టును, వేయుము" అన్న వర్తకుడును, "కిరాయి గిట్టవలెను" అన్న లారీ యజమానియు నిద్రించుచుందురు. జరిమానాను జీతమున కోసికొను యజమాని, ఆ మిగిలిన పది పెట్టెల లాభమును మాత్రము జీతమునకు కలుపునా? ఈ పత్రిక చదువు ఆసాములు తమ్ముతాము వేసికొనవలసిన ప్రశ్న యిది.

ఇతర దేశముల యనుభవమును గమనింపదగును. ఇంగ్లండులో కాలిబాట యంచున పసుపుగీతలు గీసి, సరకెక్కించుట దించుట యే వేళల నిషిద్ధమో ప్రక్కపలకపై వ్రాయుదురు. చదివినవానికి సందేహ ముండదు. న్యూయార్కు నగరము, జరిమానాలపై వాదించు హక్కును వదలుకొన్న సరకు కంపెనీలకు తగ్గించిన మొత్తములను నిర్ణయించు పద్ధతిని పెట్టినది. మొదటిది దారిచూపుట. రెండవది జరిమానాను వ్యాపారపు కిరాయిగ మార్చుట. ధనికుడైన కంపెనీకది తేలిక, ఒంటిలారీవానికి కాదు. మన మనుసరింపదగినది మొదటిదే.

మన డెల్టాకును పూర్వానుభవము లేకపోలేదు. 1855లో కృష్ణ ఆనకట్ట ముగిసినపిదప మన కాలువలు నీటికేగాక పడవలకును దారులైనవి. లాకులవద్ద పడవ వేచియుండుట ప్రయాణములో భాగమే కాని నేరము కాదు. వేచియుండుట తప్పని చోట దానికొక చోటుండుట న్యాయము.

కావున మేము కోరునవి నాలుగు. రేవు గేటు దాటకమునుపే కాటా తూచి చీటి యిచ్చు పద్ధతి యుండవలెను. మించిన సరకచ్చటనే, ఐసు చెడకమునుపే, మరియొక బండి కెక్కవలెను. పాట ముగియువరకు బండ్లు వరుసగ నాగుటకు గీతలు గీసిన స్థల ముండవలెను. పడవ చేరిన వేళను చీటిపై వ్రాసి, ఆ చీటి గల చేపలబండికి వేళల నియమమున సడలింపు చూపవలెను. అధికబరువు కేసులందు యజమానిని విడిచి డ్రైవరునొక్కనినే పట్టు నాచారము మానవలెను.

2023 మే 22వ తేదీన బందరు ఓడరేవు పనుల కారంభోత్సవము జరిగినది. ఆ రేవు లారీలను కూడ పిలుచును. చేపలబండ్ల చిక్కునే తీర్పలేనిచో, రేపటి సందడి నెట్లు నెగ్గుదుము? తూర్పుతీరమున నేటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు వేటనిషేధ ముండును. పడవలు కట్టుబడి, బండ్లు పలుచబడు నా దినములలో గీతలు గీయవచ్చును, పలకలు నాటవచ్చును, కాటా సరిచూడవచ్చును. నగరపాలకసంస్థయు, రవాణాశాఖయు, పోలీసువారును ఆ పని చేసి, అటుపిమ్మట జరిమానా పుస్తకము తెరచిన, కాదనువాడెవ్వడు నుండడు.